చీటీలు కాదు, చికిత్సే బట్టీకి రావాలి

ప్రశ్న: ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబాల పిల్లలకు చదువు చెబుతున్నాను. చాలామందికి పళ్లు పుచ్చిపోయాయి. నిరుడు ఒక దంత వైద్య కళాశాల వారు వచ్చి పరీక్షలు చేసి, బ్రష్షులు పంచి, చికిత్సకు తమ ఆసుపత్రికి రమ్మని చీటీలు ఇచ్చారు. ఒక్కరూ వెళ్లలేదు. విశ్వవిద్యాలయాలను మనం ఇంకేమి అడగవచ్చు?
– ఒక ఉపాధ్యాయిని, పెద్దపల్లి జిల్లా

జవాబు: వెళ్లనివారిని దయచేసి తప్పుపట్టకండి. బట్టీలో కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. ఊరు వదిలేముందు తీసుకున్న అడ్వాన్సు కూడా ఆ లెక్కలోంచే తీరాలి. కలిసి పనిచేసే భార్యాభర్తల్లో ఒకరు బిడ్డతో పట్నం వెళితే ఆ రోజు ఇద్దరి కూలీ పడిపోతుంది.

కాబట్టి చికిత్సే అక్కడికి రావాలి, అది సాధ్యమే. కరెంటు, డ్రిల్లు లేకుండా చేతి పనిముట్లతో పుచ్చును తొలగించి గ్లాస్ అయానమర్ సిమెంటుతో పూడ్చవచ్చు. పుచ్చు ముదరకుండా ఆపే సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ ద్రవం పూయడానికి కొద్ది నిమిషాలు చాలు. ఈ సిమెంటునూ, ఈ ద్రవాన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. ద్రవం పూసిన పుచ్చు నల్లబడుతుందని తల్లిదండ్రులకు ముందే చెప్పి, వారు ఒప్పుకున్నాకే పూయాలి. చీము పట్టిన పంటికి అది పనికిరాదు. అటువంటి బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లి తిరిగి దింపే బాధ్యత కళాశాలే తీసుకోవాలి.

పెద్దల నోళ్లు మరింత ఆందోళన కలిగిస్తాయి. పశ్చిమ ఒడిశాలో పొగాకును బెల్లపు మడ్డితో కలిపి చేసే గుడాకు అనే ముద్దను ఎందరో, ముఖ్యంగా ఆడవారు, పళ్లపొడిలా వేలితో చిగుళ్లకు రుద్దుకుంటారు. మన దంత వైద్య విద్యార్థులు తెలుగులో ‘పొగ తాగుతారా, గుట్కా నములుతారా’ అని అడిగితే వారు లేదనే చెబుతారు. అది అబద్ధమూ కాదు. ఒడియా తెలిసినవారు పక్కన ఉండి గుడాకు, ఖైనీ అని పేరుపెట్టి అడగాలి; నోట్లో తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు ఉన్నవారిని వెంటనే నిపుణులకు చూపించాలి.

ప్రజారోగ్య దంత వైద్యం దంత వైద్య డిగ్రీ అయిన బీడీఎస్‌లో పాఠ్యాంశమే. వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం తన అనుబంధ కళాశాలలను ఎన్ని నోళ్లు పరీక్షించారని కాక ఎన్ని చికిత్సలు పూర్తి చేశారని అడిగితే, శిబిరాల తీరు మారుతుందని నా నమ్మకం. వానలకు ముందే కుటుంబాలు స్వగ్రామాలకు వెళ్లిపోతాయి కనుక, మీరు డిసెంబరులోనే పిల్లల జాబితాతో కళాశాలలోని ప్రజారోగ్య దంత వైద్య విభాగాధిపతికి ఉత్తరం రాయండి. వేసవిలోపు రెండుసార్లు రమ్మనండి. ప్రతి కుటుంబానికీ చికిత్స వివరాలు ఒడియాలో రాసి ఇమ్మని అడగండి.