పదకొండుసార్లు తిరగరాసినా కథ పంపలేకపోతున్నాను

సమస్య: నాకు 41 ఏళ్లు. కథలు రాయాలని చిన్నప్పటి నుంచీ కోరిక. నాలుగేళ్ల కిందట నాన్న పోయారు. ఆ మరుసటి ఏడాది ఒక కథ మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండుసార్లు తిరగరాశాను. ప్రతిసారీ ఇంకేదో తక్కువైందనే అనిపిస్తుంది. మధ్యలో ధైర్యం చేసి ఒక పత్రికకి పంపితే 'ప్రచురించలేకపోతున్నాం' అని జవాబు వచ్చింది. కారణం రాయలేదు. మావారు 'బాగానే ఉంది కదా, పంపించెయ్' అంటారు. స్నేహితురాలూ బాగుందనే అంది. నన్ను బాధపెట్టడం ఇష్టంలేక అలా అంటున్నారేమో అని అనుమానం. రాత్రిళ్లు ఇదే టెన్షన్. కథ పూర్తయిందని ఎలా తెలుస్తుంది? అసలు నాకు రాయడం వచ్చా? మూడోసారి రాసిన మొదటి పేరా, పదకొండోసారి రాసినదీ రెండూ పంపుతున్నాను. అమ్మ చదివితే ఏమనుకుంటుందోనని కూడా ఒక భయం.
– ఒక పాఠకురాలు

సలహా: మీరు పంపిన రెండు పేరాల దగ్గర నుంచే మొదలుపెడతాను. మీ అసలు ఇబ్బంది నాకు వాటిలోనే కనిపించింది.

మూడోసారి రాసింది ఇలా ఉంది: 'నాన్న పోయిన మూడో రోజు కూడా ఆయన కళ్లజోడు పేపరు మీదే ఉంది. ఎవరూ తీయలేదు.' పదకొండోసారికి అది ఇలా అయింది: 'మరణం మిగిల్చే శూన్యాన్ని మాటల్లో చెప్పలేం. నాన్న మమ్మల్ని విడిచి వెళ్లి మూడు రోజులు గడిచినా, ఆయన ప్రాణప్రదంగా చూసుకున్న కళ్లజోడు, ఆయన ఇక లేరన్న సంగతి తెలియనట్టు, పేపరు మీద దీనంగా పడి ఉంది.'

ఈ రెండూ ఎవరికైనా పైకి చదివి వినిపించండి. మొదటిదానిలో ఆ ఇంట్లోవాళ్లంతా ఆ టేబుల్ పక్కనుంచే తిరుగుతూ, దానిమీద చెయ్యి వేయలేక వదిలేశారని నాకు తెలిసిపోయింది. 'ఎవరూ తీయలేదు' అన్న రెండు మాటలతోనే గొంతు పట్టుకుంది. రెండోదానిలో మీరే ముందుకొచ్చి, ఇది బాధాకరమైన సంగతి అని నాకు చెబుతున్నారు. కళ్లజోడుతో కూడా చెప్పించారు. చదివేవాడికి అర్థం కాదేమో, చాలదేమో అన్న భయంతో చేర్చిన మాటలవి. భయం పెన్ను పట్టుకుంటే వాక్యం ఇలాగే లావెక్కుతుంది. తిరగరాయడంలో తప్పులేదు, మంచి కథలన్నీ అలాగే తయారవుతాయి. కానీ మూడోసారి తర్వాత మీరు కథని బాగుచేయడం ఆపి, మిమ్మల్ని మీరు కాపాడుకోవడం మొదలుపెట్టారు.

దీనికి కారణం ఉంది. మీరు ఒకే ఊపిరిలో రెండు ప్రశ్నలు అడిగారు. కథ పూర్తయిందా అనేది ఒకటి, నాకు రాయడం వచ్చా అనేది రెండోది. రెండోదానికి కూడా ఈ ఒక్క కథే జవాబు చెప్పాలని పట్టుబట్టి కూర్చున్నారు. అందుకే అది తెమలడం లేదు. కొన్ని పేజీల కథ ఒక మనిషి రచయిత్రి అవునో కాదో తేల్చలేదు. పది కథలు రాశాక, అందులో నాలుగు అచ్చయ్యాక కూడా ఆ ప్రశ్న పూర్తిగా పోదు. 1978లో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు, చదువుల్లోనూ ఉద్యోగాల్లోనూ పైకి వచ్చిన మహిళల గురించి ఒక వ్యాసం రాశారు. అన్ని డిగ్రీలు, అంత పేరు ఉన్నా 'నాకు నిజంగా ఏమీ రాదు, ఎప్పుడో ఒకరోజు బయటపడిపోతాను' అనే భావం వాళ్లని వదల్లేదని అందులో వివరించారు. గెలిచినవాళ్లకే తీరని అనుమానం, పంపకుండా ఇంట్లో కూర్చుంటే మీకు తీరుతుందా? అనుమానం పోయాక పంపుదాం అనుకోకండి. దాన్ని వెంటపెట్టుకునే పంపాలి.

ఇక మొదటి ప్రశ్న. దీనికి మాత్రం జవాబు ఉంది.

కథని మూడు నాలుగు వారాలు కనిపించకుండా పెట్టేయండి. రోజూ చూస్తున్న వాక్యంలో తప్పు కంటికి ఆనదు. అక్కడ ఏముండాలో మీకు ముందే తెలుసు కాబట్టి, లేనిది కూడా ఉన్నట్టే చదువుకుంటూ పోతారు. ఆ తర్వాత కాగితం మీద ప్రింట్ తీసుకుని, తలుపు వేసుకుని, గట్టిగా పైకి చదవండి. చేతిలో పెన్సిల్ ఉండాలి గానీ దిద్దకూడదు. నాలుక ఎక్కడ తడబడిందో, మనసు ఎక్కడ పక్కకి పోయిందో అక్కడ పక్కన ఒక గీత గీసి ముందుకు సాగండి. చివరిదాకా చదివాకే ఆ గీతల దగ్గరికి తిరిగి రండి. గీత లేని చోట ముట్టుకోవద్దు.

మీవారి మాట నమ్మబుద్ధి కాదన్నారు. ఆయన తప్పు నాకేమీ కనిపించలేదు. 'ఎలా ఉంది?' అని ఎదురుగా నిలబడి అడిగితే, ప్రేమ ఉన్న మనిషి ఎవరైనా 'బాగుంది' అనే అంటారు. ప్రశ్న మార్చండి. 'ఎక్కడ ఆపేయాలనిపించింది? ఎక్కడ అర్థం కాలేదు? చదివిన రెండు రోజులకి ఏం గుర్తుంది?' అని అడగండి. వీటికి మొహమాటంతో జవాబు చెప్పడం కుదరదు. మీ కథలో ఉన్న మనుషులు తెలియనివాళ్లు ఇద్దరు చదివితే ఇంకా మంచిది. ఇద్దరూ ఒకే చోట ఆగిపోతే అక్కడ పని ఉన్నట్టే. ఒక్కరే అంటే విని, ఆలోచించి, మీకు సరైందనిపిస్తేనే మార్చండి. వాళ్లు సూచించిన మందు వాడాల్సిన పనిలేదు, నొప్పి ఎక్కడుందో తెలిస్తే చాలు.

ఆ మార్పులు అయ్యాక ఇంకోసారి చదువుతారు. అప్పుడు 'చీకటి పడింది' తీసేసి 'పొద్దుగూకింది' అని రాసి, మర్నాడు మళ్లీ 'చీకటి పడింది' అని పెడుతున్నారంటే కథ పూర్తయినట్టే. మార్పులు ముందుకు వెళ్లకుండా గుండ్రంగా తిరగడం మొదలైతే ఆగాలి. ఇప్పుడు చేయగలిగినంత చేశారన్నమాట. మరో ఐదేళ్లకి ఇంతకంటే బాగా రాస్తారు, నిజమే. కానీ ఆ ఐదేళ్ల తర్వాతి మనిషి వచ్చి ఈ కథ రాసిపెట్టదు, ఆవిడ రాయాల్సిన కథలు ఆవిడకి ఉంటాయి.

అచ్చయితే ఇక మార్చడానికి వీలుండదన్న భయం కూడా ఉండొచ్చు. గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1897లో అచ్చయింది. పన్నెండేళ్ల తర్వాత, 1909లో, ఆయన దాన్ని బాగా పెంచి, మార్చి, తిరగరాసి మళ్లీ అచ్చువేయించారు. ఈనాడు మనం ఎక్కువగా చదివేది ఆ రెండోదే. మొదటిది బయటికి వచ్చినందువల్ల రెండోదానికి అడ్డేమీ రాలేదు.

పత్రిక తిప్పి పంపడం గురించి ఒక్క మాట. నిడివి సరిపోకపోవచ్చు, అలాంటి ఇతివృత్తమే అప్పటికే వేరేది వాళ్ల దగ్గర ఉండొచ్చు, ఆ సంపాదకుడికి నచ్చకపోయీ ఉండొచ్చు. కారణం రాయలేదు కాబట్టి మీరు ఊహించుకున్నదల్లా మీదే. ఈసారి పంపేముందే రెండో పత్రిక పేరు కూడా రాసి పెట్టుకోండి. ఒకచోట నుంచి తిరిగివస్తే ఆ వారంలోనే రెండోచోటికి వెళ్లాలి. ఒకేసారి ఇద్దరికీ మాత్రం పంపొద్దు. సొంత రచనేనని, మరెక్కడా పరిశీలనలో లేదని చాలా పత్రికలు హామీపత్రం అడుగుతాయి. ముందే ఫేస్‌బుక్‌లో పెట్టిన కథని తీసుకోనివాళ్లూ ఉంటారు.

ఉత్తరం చివర, అన్నీ అయ్యాక, అమ్మ సంగతి ఒక్క వాక్యంలో అనేసి వదిలేశారు. నన్ను అన్నిటికంటే ఆ వాక్యమే ఆపింది. మీ నాన్నగారు వెళ్లి నాలుగేళ్లయినా, మీ ఇల్లు ఇంకా నిన్నమొన్నే వెళ్లారన్నట్టుగానే ఉండి ఉంటుంది. ఆ కళ్లజోడుని మీరెంత చూశారో ఆవిడా అంతే చూశారు. ఆ మూడు రోజులూ ఆవిడవి కూడా. ఈ భయం కథలోది కాదు, మీ ఇద్దరి మధ్యది. అందుకే ఎన్ని వాక్యాలు మార్చినా పోవడం లేదు. పదకొండో ప్రతిలో అన్నీ అలా పెద్ద పెద్ద మాటల కింద కప్పెట్టడానికి ఇదీ ఒక కారణమేమో, ఒకసారి ఆలోచించుకోండి.

పత్రికలో చూసి ఆవిడకి తెలియడం కంటే మీ నోటితో వినడం మేలు. పంపేముందే, తీరిక ఉన్న ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని చదివి వినిపించండి. 'పంపనా వద్దా' అని అనుమతి అడగకండి. ఆ బరువు ఆవిడ మీద పెట్టడం న్యాయం కాదు. 'ఇందులో నువ్వు మన ఇంట్లోనే ఉంచుకోవాలనుకునేది ఏమైనా ఉందా అమ్మా?' అని అడగండి. ఉందంటే ఆ ఒక్క వివరం మార్చండి, కథ చెక్కుచెదరదు. ఆవిడ ఏడ్చినా కంగారు పడొద్దు. ఏడవడం, వద్దనడం ఒకటి కాదు. పేరు బయటికి రావడమే ఇబ్బందనిపిస్తే కలం పేరు పెట్టుకోవచ్చు, అది పిరికితనమేమీ కాదు.

రాత్రిళ్లు టెన్షన్ అన్నారు. ఇది కథ దగ్గరే ఉందా, వంటలో ఉప్పు నుంచి ఆఫీసులో ఈమెయిల్ దాకా ఏది చేసినా పదిసార్లు సరిచూసుకుంటున్నారా? రెండోదే అయితే, నాన్న పోయినప్పటి నుంచీ నిద్ర సరిగ్గా పట్టకపోతుంటే, దగ్గర్లోని సైకాలజిస్టుని ఒకసారి కలవండి. దిగులు తీరకుండా లోపల ఉండిపోతే ఇలా వేరే రూపంలో పైకి వస్తుంది.

ముందు మూడో ప్రతి బయటికి తీయండి. ఆ తర్వాతి ఎనిమిదింటిలో నిజంగా బాగుపడిన వాక్యాలు కొన్ని ఉంటాయి, వాటిని ఏరి అందులో చేర్చండి. మొదటి పేరా మాత్రం ఉన్నదున్నట్టు వదిలేయండి. అమ్మకి వినిపించాక ఆవిడ ఏమన్నారో, వీలైతే నాకు మళ్లీ రాయండి.