బ్రాడీపేట 2/14: లెక్కల గుర్తులతో ఆటవెలది

మీరు అడిగింది ఇది: "డిసెంబర్ 22న రామానుజన్ పుట్టినరోజుకి మా కాలేజీలో కార్యక్రమం పెడుతున్నారు. ఇంగ్లీషులో సమీకరణాన్ని పైకి చదివితే సరదా పద్యమైపోయేవి ఉన్నాయట. తెలుగులో అలాంటివి కుదురుతాయా, ఛందస్సు అడ్డమొస్తుందా?"

బాగా కుదురుతాయి. నేను గుంటూరులో ఇంటర్ ఎంపీసీ పిల్లలకు లెక్కలు చెబుతాను. పద్యాలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఎండాకాలం సెలవుల్లో ఆసక్తి ఉన్న పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఇలాంటివి రాయిస్తుంటాను. ఛందస్సు అడ్డం రావడం అటుంచి, సగం పని అదే చేసిపెడుతుంది.

ముందు ఆ ఇంగ్లీషు పద్యం సంగతి చూద్దాం. మాటల చమత్కారాలకు పేరుపడ్డ ఇంగ్లీషాయన లీ మెర్సర్ పేరు మీద చెలామణీ అయ్యే సమీకరణం ఇది:

(12 + 144 + 20 + 3√4) ÷ 7 + 5 × 11 = 9² + 0

పన్నెండుని డజను అని, నూట నలభై నాలుగుని గ్రోసు అని, ఇరవైని స్కోరు అనే వాళ్ల పాత లెక్కల మాటతో చదివితే లిమరిక్ అనే ఐదు పాదాల సరదా పద్యం అవుతుంది. లెక్క సరిచూడండి. బ్రాకెట్లో 182, ఏడుతో భాగిస్తే 26, దానికి 55 కలిపితే 81. ఎక్కడా తేడా లేదు. ఇందులో నాకు బాగా నచ్చింది చివర ఉన్న సున్నా. లెక్కకి దానితో ఏ పనీ లేదు. కానీ పైకి చదివేటప్పుడు "అంతకు మించి పిసరంత కూడా లేదు" అని అర్థమిచ్చేది అదే. నవ్వొచ్చేదీ అక్కడే. లెక్కంతా నిజాయితీగా చేసి, లెక్కకి అక్కర్లేని చోట చమత్కారం పెట్టాడు. తెలుగులో రాసేటప్పుడు నేను పట్టుకునే సూత్రం కూడా ఇదే.

పిల్లలు మొదట తెచ్చేవి ఎలా ఉంటాయంటే, "నువ్వు ప్లస్ నేను ఈక్వల్ టూ ప్రేమ" తరహాలో. వాటిని నేను ఒప్పుకోను. అక్కడ ప్లస్సు అలంకారానికే ఉంటుంది, అందులో కూడిందేమీ లేదు. సమీకరణం అన్నాక రెండు వైపులా తూగాలి, బోర్డు మీద రాసి చూపించగలగాలి.

మేము ఆటవెలదినే వాడతాం. వేమన పద్యాల పుణ్యమా అని దాని నడక అందరి నోటికీ అలవాటే. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్య గణాలే. మొదటి గణం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కుదరాలి, అంటే రెండూ ఒకే రకంగా పలకాలి. నియమం ఇంతే, గణాల కొలతలు కింద చెబుతాను. ఇదిగో, మామిడిపళ్ల రోజుల్లో పుట్టిన పద్యం:

పాతికకును జతను పదునేను కలిపిన
ఏడుగురికి పంచ ఎన్ని వచ్చు?
ఆరు వచ్చునన్న అక్కయ్య లెక్కలో
నాకు టెంకె దక్కె నమ్ముమమ్మ!

సమీకరణంగా రాస్తే (25 + 2 + 15) ÷ 7 = 6. నూజివీడు చిన్నరసాలు జుర్రుకుని తినే ఇంట్లో పెరిగిన వాళ్లకి చివరి పాదం వివరించక్కర్లేదు. మూడు పాదాల వరకూ లెక్క నికార్సుగా నడిచింది, నాలుగో పాదంలో ఇంటి సంగతి బయటపడింది. మొదట రాసినప్పుడు నాలుగో పాదంలో కూడా ఇంకో భాగహారం ఉండేది. ఒక అమ్మాయి దాన్ని తీసేసి టెంక పెట్టింది, ఆ క్షణంలోనే గది గదంతా నవ్వింది.

అంకెల్ని గణాల్లో ఎలా ఇమడ్చాలన్నది అసలు పని. గురువుకి (సాగదీసి పలికే అక్షరానికి) 2, లఘువుకి (పొట్టిగా పలికే అక్షరానికి) 1 అని రాసుకుంటే లెక్కల పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది. సూర్య గణం అంటే 2+1 లేదా 1+1+1, అంటే మూడు మాత్రలు. రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు, వంద, లక్ష, కోటి, సున్న అన్నీ 2+1. ఒకటి 1+1+1. ఇవన్నీ నేరుగా సూర్య గణాలే. నాలుగు, తొమ్మిది 2+1+1, ఎనిమిది 1+1+1+1, పన్నెండు 2+2+1, పదకొండు, పదమూడు, పదహారు 1+1+2+1. ఇవి ఇంద్ర గణాలు. మన అంకెలు ఆటవెలది కోసమే పుట్టాయా అనిపిస్తుంది. గుర్తులూ అంతే. వర్గ, మూల, సైను, లాగు, టాను... ఏది పట్టుకున్నా 2+1. సమము అంటే 1+1+1.

మూడు మాత్రల్ని 1, 2లతో మూడు రకాలుగా పేర్చవచ్చు, నాలుగింటిని ఐదు రకాలుగా, ఐదింటిని ఎనిమిది రకాలుగా. 3, 5, 8 అని, ముందు రెండూ కలిపితే తర్వాతిది వచ్చే వరస కనబడగానే పిల్లలు "సార్, ఫిబొనాచీ!" అంటారు. ఫిబొనాచీ పుస్తకం 1202 నాటిది. అంతకు ముందే విరహాంకుడు, హేమచంద్రుడు వంటి మన ఛందశ్శాస్త్రజ్ఞులు మాత్రల లెక్కలోనే ఈ వరసని పట్టుకున్నారని చెబితే, ఇక వాళ్లకి ఛందస్సు తెలుగు పేపర్లో మార్కుల కోసం చదివే పాఠంగా అనిపించదు. ఈ ఒక్క సంతోషం కోసమైనా నేను ఎన్ని సాయంత్రాలైనా కూర్చుంటాను.

అన్ని అంకెలూ ఇలా లొంగవు. పద్నాలుగు 2+2+1+1, ఒక్క గణంలో పట్టదు. చివరి 'గు'ని పక్క గణంలోకి నెట్టాలి, అప్పుడు చదివే వాళ్లు తడబడతారు. దానికి దారి ఎక్కాల్లో దొరికింది. ఒక కుర్రాడి వాళ్ల నాయనమ్మ ఎక్కం అప్పజెప్పించేటప్పుడు "రెండేళ్లు పద్నాలుగు" అంటుందట. రెండేళ్లు అంటే 2+2+1, నిక్షేపంలాంటి ఇంద్ర గణం. దాంతో పుట్టిందే మా బ్రాడీపేట పద్యం.

గుంటూరు బయటివాళ్ల కోసం ఒక మాట. బ్రాడీపేటలో లైన్లు ఒక వైపు, వాటిని కోసుకుంటూ అడ్డరోడ్లు ఇంకో వైపు. రెండో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు కలిసే చోటుని అడ్రసులో 2/14 అని రాస్తారు. లెక్కల పిల్లాడు భిన్నం కనిపిస్తే ఊరుకుంటాడా?

రెండు మీద బెట్టి రెండేళ్లు కిందుంచి
కొట్టివేసె రెండు కొంటె బుడత
ఒకటి యేడు చేరి ఉత్తరం వెతికెను
ఇల్లు లేదు గాని ఎండ గలదు!

మొదటి పాదాన్ని గురులఘువుల అంకెల్లో రాస్తే 21 21 21 221 221. భిన్నాలుగా 2/14 = 1/7, ఇందులో అనుమానం లేదు. అడ్రసులుగా మాత్రం అవి గ్రాఫు మీద (2, 14), (1, 7) అనే రెండు వేరు వేరు బిందువులు. పైగా రెండూ మూలబిందువు గుండా పోయే ఒకే సరళరేఖ మీద ఉంటాయి. పద్యం చదివి నవ్వాక ఈ బొమ్మ బోర్డు మీద గీస్తాను. నిరూపక జ్యామితి మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు.

అంకె ఎంతకీ కుదరకపోతే భూతసంఖ్యలు ఉన్నాయి, అంటే అంకెకి బదులు వాడే మాటలు. నేత్రం 2, వేదం 4, బాణం 5, ఋతువు 6, మనువు 14. కుడి నుంచి ఎడమకి చదవాలి కాబట్టి "నేత్ర వేద" అంటే 42. సభలో వాడితే వినేవాళ్లకి ముందుగా చెప్పండి, లేకపోతే ఎవరికీ అందదు.

ఇదేదో కొత్త చిలిపి పని అని ఎవరైనా మీ కాలేజీలో ముఖం చిట్లిస్తే, పావులూరి మల్లన పేరు చెప్పండి. మహావీరాచార్యుడి సంస్కృత లెక్కల గ్రంథం గణిత సార సంగ్రహాన్ని 11వ శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడి తేనెటీగల లెక్క కూడా చూపించండి. గుంపులో ఐదో వంతు కదంబ పువ్వులకి, మూడో వంతు శిలీంధ్ర పువ్వులకి వెళ్లాయి, ఆ రెండింటి తేడాకి మూడింతలు కుటజ పువ్వులకి వెళ్లాయి. మిగిలిన ఒక్క ఈగ మొగలి, మాలతి వాసనల మధ్య ఎటూ తేల్చుకోలేక గాల్లో ఊగిసలాడుతోంది. మొత్తం ఎన్ని? 3 + 5 + 6 + 1 = 15. ఆ పద్నాలుగూ లెక్క కోసం వచ్చాయి, పదిహేనోది మన కోసం వచ్చింది. దాని అవస్థ తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

సభ విషయానికొస్తే, ముందు సమీకరణాన్ని బోర్డు మీద రాసి, అందరిచేతా లెక్క చేయించండి. జవాబు వచ్చాక పద్యం చదవండి. వరస తిరగేస్తే సగం మంది లెక్క వేసుకుంటూ చివరి పాదం వినరు. మూడో పాదం అయ్యాక ఒక్క క్షణం ఆగండి. గణాలు నేర్చుకోవడానికి పెద్ద గ్రంథాలు అక్కర్లేదు, విజయవాడ వెళ్తే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో బడిపిల్లల వ్యాకరణ పుస్తకం ఏదో ఒకటి అడగండి, చాలు.

విషయం కోసం దూరం వెళ్లొద్దు. క్యాంటీన్ బిల్లు, హాస్టల్ గది నంబరు, షేర్ ఆటోలో కుక్కిన మనుషుల లెక్క, వీటిలో ఏదో ఒకటి మీ దగ్గర ఇప్పటికే ఉంటుంది. రాసింది ఇక్కడ పెట్టండి, గణాలూ యతీ చూసి చెబుతాను.