పేరు ఆఖర్న

మహారాణిపేట,
విశాఖపట్నం.

చిరంజీవికి ఆశీస్సులు.

మీ ఇంటి పాత ఫోటోల గురించి పుస్తకం రాయాలనుకోవడం బావుంది. పేర్ల కోసం మాత్రం తొందరపడకు. ముందు కాలం, తర్వాత చోటు, ఆఖర్న పేరు. ఈ వరస తప్పితే ఎవరో "ఇది మా పెద్దమావయ్యే" అంటారు, ఆపైన ఆ మొహం నీకూ పెద్దమావయ్యలాగే కనబడుతుంది.

మొదట వెనక్కి తిప్పి చూడు. అట్ట మీది స్టూడియో ముద్ర అరిగిపోయిందా, చీకటిగదిలో టార్చిని పక్కనుంచి, దాదాపు అట్టకి ఆనించి వెయ్యి, అక్షరాలు లేస్తాయి. స్కాన్ 600 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) చాలు, మరీ చిన్న ఫోటోలకి 1200. మన సముద్రపు చెమ్మకి ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫోటోని పీకావంటే మొహం అద్దానికే ఉండిపోతుంది. అద్దంతోనే స్కాన్ చెయ్యి. మసక మొహాలకి మెరుగుపెట్టే ఆప్‌ల జోలికి పోకు, లేని కనుబొమలు గీస్తాయి.

కాలానికి ఊరే సాక్ష్యం. డాల్ఫిన్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ కనిపిస్తే 1957కి ముందుది కాదు. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంటే 2002 తర్వాతిదే. ఫోటో వెనక "ఆంధ్ర మెడికల్ కాలేజీ" అని రాసి ఉంటే ఆ రాత 1940 తర్వాతది, కాలేజీకి ఆ పేరు వచ్చింది అప్పుడే. ఫోటో అంతకు ముందుదీ కావచ్చు.

వీటన్నిటికంటే నమ్మకమైంది చంకలో పిల్ల. ఆ పిల్ల పుట్టిన ఏడు తెలిస్తే ఫోటో ఏడూ తెలిసినట్టే. అయితే పాతకాలపు స్కూలు సర్టిఫికెట్‌ని నమ్మకు, చాలావాటిలో మాస్టారు వేసిన తేదీయే ఉంటుంది. జాతకమో, బాలసారె పత్రమో అడుగు.

నెగటివ్ తిరగేసి ప్రింటు వేస్తే కుడిఎడమలు మారతాయి. మగవాళ్ల చొక్కాకి ఎడమ పట్టీ పైకి ఉండాలి, జేబు ఎడమవైపు ఉండాలి. పైటని బట్టి తేల్చకు, కుడిపైట వేసే ఇళ్లూ ఉన్నాయి. బాగా పాత ఫిలిం మీద ఎరుపు నల్లగా పడేది, పెళ్లికూతురు నల్లచీర కట్టిందని కథ అల్లకు.

ఇక పెద్దవాళ్ల దగ్గరికి. ఫోటోని ఏ4 కాగితమంత ప్రింటు తీసి, మొహాలకి నంబర్లు వేసి, ఒక్కొక్కరినీ విడివిడిగా అడుగు. "ఈవిడ సుబ్బమ్మత్తయ్యేనా?" అనకు, "మూడో ఆవిడ ఎవరు?" అను. పదిమంది కూర్చుంటే గట్టిగా మాట్లాడినవాళ్ల మాటే నెగ్గుతుంది. "దొడ్డమ్మ" అంటే ఎవరికి దొడ్డమ్మో రాసుకో, పుట్టింటి పేరూ అత్తింటి పేరూ రెండూ రాసుకో. తాత పేరే మనవడికి పెట్టే ఇళ్లలో పేరు పక్కన తండ్రి పేరు లేకపోతే తరాలు కలిసిపోతాయి. పోలికలూ అంతే, మేనత్తా మేనకోడలూ ఒకే అచ్చులో ఉంటారు. చెవి ఆకారం చూడు, తమ్మె వయసుతో సాగినా పైభాగం పెద్దగా మారదు.

పుస్తకంలో పేరు పక్కన ఎవరు చెప్పారో, ఏ సంవత్సరంలో చెప్పారో వెయ్యి. ఒక్కరే చెబితే "బహుశా" తప్పదు. ఫోటో వెనక బాల్‌పెన్ను వాడకు, ముందువైపుకి గీత తేలుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయి. ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిల్ పడదు, కవరు మీద రాయి.

పెళ్లి ఫోటో అయితే వియ్యాలవారింట్లోనూ అడుగు. అదే ఫోటో వాళ్ల దగ్గరా ఉండొచ్చు, దాని వెనక పేర్లు ఉండొచ్చు.

ఉంటాను.