అబ్బాయి జబ్బు గురించి నలుగురిలో మాట్లాడాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్లు. రెండేళ్ల క్రితం బీటెక్ చివరి ఏడాదిలో ఉండగా అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని, తన ఫోన్ ఎవరో వింటున్నారని గొడవ మొదలుపెట్టాడు. గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించాం. తర్వాత డాక్టర్ స్కిజోఫ్రెనియా అన్నారు. మాత్ర వేసుకోనంటాడు కాబట్టి పెరుగన్నంలో కలిపి పెడుతున్నాను. గొడవ తగ్గింది కానీ రోజంతా పడుకునే ఉంటాడు. ఇలాంటి పేషెంట్ల ఇంటివాళ్లకు నెలనెలా మీటింగ్ పెడతారని ఆస్పత్రిలో చెప్పారు. మా ఆయన వద్దంటున్నారు. పెళ్లికి ఎదిగిన ఆడపిల్ల ఉంది, బయటికి తెలిస్తే సంబంధాలు రావని ఆయన భయం. వెళ్తే ఏమైనా లాభం ఉంటుందా?
– ఒక తల్లి, పరకాల

జవాబు: వెళ్లండమ్మా. ఎందుకు వెళ్లమంటున్నానో చెప్పాలంటే మీ పెరుగన్నం దగ్గరే మొదలుపెట్టాలి.

మాత్ర కలిపారని మిమ్మల్ని తప్పుపట్టను. నా ఓపీకి వచ్చే తల్లుల్లో చాలామంది ఆ పని చేసినవాళ్లే. కానీ పిల్లాడు సగం అన్నం వదిలేస్తే సగం మందే లోపలికి పోతుంది. ఎందుకు మత్తుగా ఉంటోందో, ఎందుకు లావవుతున్నాడో అతనికి అర్థం కాదు. ఈ మందుల్లో కొన్నింటికి బరువు, షుగర్ చూసుకుంటూ ఉండాలి. తనకు మందు పడుతోందనే తెలియనివాడు రక్తపరీక్షకు చెయ్యి ఎందుకు చాపుతాడు?

ఈ మాటలు ఓపీలో కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. అందరూ తలూపి వెళ్లిపోయేవారు. ఒకసారి హనుమకొండలో ఇలాంటి కుటుంబాల మీటింగ్‌లో కూర్చున్నాను. సింగరేణిలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు లేచారు. "మజ్జిగల కలిపిన సార్. గ్లాసు అడుగున తెల్లగ పొడి కనవడ్డది పోరనికి. పది రోజులు మా ఇంట్ల ముద్ద ముట్టలే. నేను ముందు తిని చూపెట్టినా నమ్మలే, హోటల్ల ఇడ్లీ తెచ్చుకొని తిన్నడు." పక్క కుర్చీలో ఉన్నావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ టీలో కలుపుతోందట, అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ పెద్దాయన మెల్లగా కొడుకుతో ఎలా మాట కలిపారో కూడా చెప్పారు. నీకు జబ్బుంది అని వాదించడం మానేశారట. "రాత్రి నిద్ర పడ్తలేదు గదా, దానికోసం చూపించుకుందాం" అన్నారట. నిద్ర అనేసరికి కొడుకు ఒప్పుకున్నాడు.

మీరు మాత్రం కలపడం రేపటి నుంచే ఆపేయకండి. మందు ఉన్నట్టుండి మానితే జబ్బు తిరగబెట్టొచ్చు. ముందు మీరొక్కరే వెళ్లి మీ డాక్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నెలకోసారి తీసుకునే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి, అబ్బాయికి చెప్పి ఒప్పించి ఇచ్చే దారి వాళ్లు చూస్తారు.

ఇక పడుకునే ఉండటం. అది బద్ధకం కాదు, చాలావరకు జబ్బే. కొంత మందు మత్తు కూడా కావచ్చు, అదీ డాక్టర్‌కు చెప్పండి. ఉత్సాహం పోవడం, స్నానం చేయబుద్ధి కాకపోవడం, మాట తగ్గడం ఈ జబ్బులో భాగమే. ఇది తెలియక ఇంట్లో "తిని పండుడు తప్ప ఏం రాదా" అంటూ ఉంటారు. లండన్‌లో జార్జ్ బ్రౌన్ బృందం ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లిన పేషెంట్లను గమనించి 1972లో ఒక సంగతి తేల్చింది. సూటిపోటి మాటలు, చీదరింపులు, ఊపిరాడనివ్వనంత అతిజాగ్రత్త ఉన్న ఇళ్లలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. అంటే మీవల్ల జబ్బు వచ్చిందని కాదు. ఇంట్లో మాట తీరు కూడా వైద్యంలో ఒక భాగమని. మన దేశంలో ఇది ముందే పట్టుకున్నాయన అమృత్‌సర్ మానసిక ఆస్పత్రి డాక్టర్ విద్యాసాగర్. 1950లలో ఆయన ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించి, పేషెంట్‌తోపాటు ఇంటివాళ్లనూ అక్కడే ఉంచుకుని అందరికీ కలిపి చెప్పేవారు.

మీటింగ్ అంటే అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవానికి జరిగే సదస్సు అనుకోకండి. ఫ్లెక్సీ, జ్యోతి వెలిగించడం, శాలువాలు, ఉపన్యాసాలు ఉంటాయి. నేనూ అలాంటి వేదికల మీద కూర్చున్నవాణ్నే. దానివల్ల నలుగురికి విషయం తెలుస్తుంది, అంతే. నెలనెలా మీటింగ్ వేరు. మహిళా సంఘంలో కూర్చున్నట్టు పది మంది గుండ్రంగా కూర్చుంటారు. పొదుపు లెక్కల బదులు ఎవరింట్లో ఈ నెల ఎలా గడిచిందో చెప్పుకుంటారు. వికలాంగుల సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు ఏ కాగితాలు పట్టుకెళ్లాలో కూడా అక్కడే తెలుస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉందని చాలామందికి తెలియదు. ఒక్క జాగ్రత్త: పక్కవాళ్ల అబ్బాయికి నయమైన మాత్ర మీ అబ్బాయికి వేయకండి.

మీ ఆయన భయాన్ని కొట్టిపారేయను. పరకాలలో వద్దనుకుంటే హనుమకొండలో ఎక్కడైనా ఉందేమో కనుక్కోండి. పేరు చెప్పకపోయినా, నోరు విప్పకపోయినా ఎవరూ ఏమనరు. ఫొటోలు తీస్తుంటే వద్దనండి. చికిత్సలో ఉన్న మనిషి ఫొటో, వివరాలు అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. నన్నడిగితే ఫొటోకన్నా వాట్సాప్ గ్రూపు దగ్గరే జాగ్రత్తపడాలి. అందులో చేరగానే మీ నంబర్ అందరికీ కనిపిస్తుంది. ఇష్టం లేకపోతే మీటింగ్‌కు మాత్రమే వస్తానని చెప్పండి. ఇక సంబంధాల విషయానికొస్తే, మేనమామకు ఉందని మేనల్లుడికి వచ్చి తీరుతుందని లేదు. నూటికి 95 మందికి పైగా రాదు. ఇది మీ అమ్మాయికి కూడా చెప్పండి, ఆ పిల్లా లోపల భయపడుతూ ఉంటుంది.

మీ ఆయన్ని బలవంతపెట్టకండి. బండి మీద దింపి, మీటింగ్ అయ్యేదాకా బయట టీ కొట్టు దగ్గర నిలబడే తండ్రులు నాకు తెలుసు. కొందరు ఏడాదిపాటు అలాగే నిలబడ్డారు.

దగ్గర్లో మీటింగ్ ఏదీ లేకపోతే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి సైకియాట్రీ ఓపీలో అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పేషెంటే చేయాలని లేదు, టెన్షన్‌తో నిద్రపట్టని తల్లీ చేయొచ్చు. అబ్బాయి చచ్చిపోతాననే మాట అన్నా, ఎవరినైనా కొట్టే పరిస్థితి వచ్చినా మీటింగ్ కోసం ఆగకండి. 108కి ఫోన్ చేసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.