ఫైలులో "16.0000" ఉంటే పంపకాల కాగితం దొంగదని తేలినట్టేనా?

ప్రశ్న: లాయరు గారూ, మాది నరసన్నపేట. మా అమ్మకు 1984లో పెళ్లయింది. తాతగారికి పిత్రార్జితంగా వచ్చిన భూమి రాజాం దగ్గర ఉంది. మూడెకరాలు పల్లం, ఎకరంన్నర మెట్ట. తాతగారు 2009లో పోయారు. అమ్మ కిందటేడాది వాటా అడుగుతూ నోటీసు ఇస్తే, తాతగారు 2003 నవంబరులోనే కొడుకులిద్దరికీ పంచేశారంటూ మావయ్యలు ఒక పంపకాల కాగితం జిరాక్సు పంపారు. తెల్లకాగితాల మీద కంప్యూటర్ ప్రింటు, కింద తాతగారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు. రిజిస్ట్రేషన్ లేదు. అప్పట్లో శ్రీకాకుళంలో డీటీపీ చేయించామని, ఆ ఫైలు ఇప్పటికీ తమ దగ్గర ఉందని చెప్పి పెద్ద మావయ్య కొడుకు నాకు వర్డ్ ఫైలు కూడా మెయిల్ చేశాడు. నా స్నేహితుడు దాన్ని విప్పి చూసి, లోపల 16.0000 అని ఉందని, ఫైలు తయారైన తేదీ 2023 జూలై అని ఉందని చెప్పాడు. షెడ్యూలు "విజయనగరం జిల్లా, రాజాం మండలం" అని మొదలవుతుంది, తర్వాత సర్వే నంబర్లు. దావా వేశాం. ఈ వెర్షన్ నంబరు చూపించి కాగితం దొంగదని రుజువు చేయొచ్చా? అమ్మకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: వెర్షన్ నంబరు ఒక్కటే చూపిస్తే చాలదు. అయినా అమ్మగారిని నిశ్చింతగా నిద్రపొమ్మనండి. మీ ఉత్తరంలో ఆ నంబరు కంటే గట్టి సంగతి ఒకటుంది. దాని గురించి మీరు అడగలేదు. ముందు మీరు అడిగినదే చూద్దాం.

మీ దగ్గరున్న ఫైలు పేరు చివర .డాక్ఎక్స్ అని ఉండి ఉంటుంది. ఈ రకం ఫైలు వర్డ్ 2007తో వచ్చింది. అది మామూలు జనం చేతికి వచ్చింది 2007 జనవరి చివర్లో. అంతకుముందు వర్డ్ 97 నుంచి 2003 దాకా ఉన్నవి .డాక్ ఫైళ్లు. పేరు మార్చి మోసం చేశారేమో చూడటం తేలికే. ఫైలు నకలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అంతా పిచ్చిగీతల్లా కనిపిస్తుంది, కానీ మొట్టమొదట ఇంగ్లిషులో పి, కె అనే రెండు అక్షరాలుంటే అది జిప్ పద్ధతిలో కట్టిన మూట, అంటే కొత్త రకం ఫైలు. నకలు పేరు చివర .జిప్ అని మార్చి తెరిస్తే లోపల "డాక్‌ప్రాప్స్" అనే ఫోల్డరు ఉంటుంది. అందులో "యాప్" అనే చిన్న ఫైలులో ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్ అన్నది, "కోర్" అనే ఫైలులో ఎవరి పేరున్న కంప్యూటర్, ఎప్పుడు తయారైంది, చివరిసారి ఎవరు ఎప్పుడు సేవ్ చేశారు అన్నది ఉంటాయి. మీ స్నేహితుడు చూసింది ఇవే.

ఆ నంబర్ల లెక్క ఇలా ఉంటుంది. 11 అంటే వర్డ్ 2003. 12 అంటే 2007. 13ను మైక్రోసాఫ్ట్ వాళ్లు దాటేశారు. 14 అంటే 2010, 15 అంటే 2013. 16 దగ్గరికి వచ్చేసరికి చిక్కు. 2016కూ 16, 2019కీ 16, 2021కీ 16, నెలనెలా డబ్బు కట్టే 365కీ 16. కాబట్టి మీ ఫైలు చెబుతున్నది ఒక్కటే: దీన్ని చివరిసారి సేవ్ చేసింది 2016 లేదా ఆ తర్వాతి వర్డ్‌లో. "చివరిసారి" అన్న మాట గట్టిగా పట్టుకోండి. ఆ నంబరు ఫైలు పుట్టిననాటిది కాదు, సేవ్ చేసిన ప్రతిసారీ, ఏ వర్డ్‌లో సేవ్ చేస్తే దాని నంబరుగా మారుతుంది. 2003లో టైపు చేసిన .డాక్ ఫైలును 2023లో కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిచి కొత్త రకంగా సేవ్ చేసినా 16 అనే వస్తుంది. తయారైన తేదీ కూడా అంతే. వేరే పేరుతో సేవ్ చేసినప్పుడో, పాత ఫైలులోని రాత అంతా కాపీ చేసి కొత్త ఫైలులో పెట్టినప్పుడో అది మారిపోవచ్చు. మీ బావ సాక్షి బోనులో నిలబడి "పాత కంప్యూటర్ పాడైపోతుందని కొత్తదాంట్లోకి ఎక్కించామండీ" అన్నాడనుకోండి, మీ 16.0000 ఎటూ కాకుండా పోతుంది. అవతలి వకీలు చెప్పించే మొదటి మాట అదే.

ఆ మాట అన్నాక మాత్రం మనకు ఒక దారి దొరుకుతుంది. అయితే ఆ పాత .డాక్ ఫైలు తెమ్మనండి. దాని లోపల కూడా ఏ వర్డ్‌తో చేశారో, ఎప్పుడు చేశారో రాసి ఉంటుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11 రూల్ 14 కింద దాన్నీ, ఆ కంప్యూటర్‌నూ కోర్టులో పెట్టమని దరఖాస్తు వేయొచ్చు. తెస్తే పరీక్షకు పంపిద్దాం. పోయిందంటే "ఇప్పటికీ మా దగ్గర ఉంది" అని మెయిల్‌లో ఎలా రాశారని అడుగుదాం.

ఫాంటు సంగతీ ఇలాంటిదే. 2017లో పాకిస్తాన్ మాజీ ప్రధాని నవాజ్ షరీఫ్ కుటుంబం కేసులో 2006 ఫిబ్రవరి నాటిదని చూపిన పత్రం కాలిబ్రి ఫాంటులో ఉందని పెద్ద గొడవైంది. ఆ ఫాంటు జనంలోకి వచ్చింది 2007లో, విండోస్ విస్టా, వర్డ్ 2007లతో. అక్కడ కూడా వెంటనే, దాని పరీక్ష వెర్షన్ అంతకుముందే కొందరి దగ్గర ఉందన్న వాదన లేచింది. మీది తెలుగు కాగితం కాబట్టి తెలుగు అక్షరాల రూపు చూడాలి. 2003లో మన డీటీపీ షాపుల్లో ఎక్కువగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టేవాళ్లు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఉండేది. నిర్మల అనే ఫాంటు 2012లో విండోస్ 8తో వచ్చింది. ఫైలులో నిర్మల పేరు కనిపిస్తే పెద్దగా లాభం లేదు, కొత్త కంప్యూటరే దాన్ని పెట్టి ఉండొచ్చు. సంతకాలున్న కాగితం మీద అచ్చైన అక్షరాలే నిర్మల అయితే జవాబు చెప్పుకోలేరు. అలాగే రూపాయి గుర్తు. అడ్డగీతలున్న మన ₹ గుర్తును కేంద్రం 2010 జూలై 15న ఆమోదించింది. 2003 కాగితంలో "రూ." ఉండాలి. జిరాక్సులో డబ్బు అంకెలు ఎక్కడెక్కడున్నాయో అద్దం పెట్టి చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. రాజాం మండలం 2003లో ఏ జిల్లాలో ఉంది? శ్రీకాకుళం జిల్లాలో. అది విజయనగరం జిల్లాలో కలిసింది 2022 ఏప్రిల్ 4న, కొత్త జిల్లాలు వచ్చినప్పుడు. సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలు కూడా అప్పుడే అటు వెళ్లాయి. పాలకొండేమో పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లింది. 2003 నవంబరులో కూర్చుని రాసిన మనిషికి, పద్దెనిమిదేళ్లు దాటాక వచ్చే జీవో ముందే తెలిసిపోయిందా? మన ప్రాంతంలో చాలామంది ఇప్పటికీ అలవాటు కొద్దీ రాజాంను శ్రీకాకుళం జిల్లా అనే అంటారు. వీళ్లు మాత్రం చాలా అప్‌టుడేట్‌గా రాశారు.

మీరు రాసిన ఆ వాక్యం ఎక్కడిదో ఉత్తరంలో స్పష్టంగా లేదు. ఫైలులోదా, సంతకాల జిరాక్సులోదా? ఇది చాలా ముఖ్యం. ఫైలును ప్రింటు తీసి జిరాక్సు పక్కన పెట్టుకుని గీత గీతా పోల్చండి. సంతకాలున్న కాగితంలోనే "విజయనగరం జిల్లా" అని ఉంటే, ఏ కంప్యూటర్ నిపుణుడూ అక్కర్లేకుండా కాగితమే తన వయసు చెప్పేస్తుంది. కాగితంలో "శ్రీకాకుళం జిల్లా" ఉండి ఫైలులో మాత్రం "విజయనగరం" ఉంటే, ఫైలు 2003 నాటిదన్న మాట అబద్ధమవుతుంది తప్ప కాగితం మాత్రం నిలబడే ఉంటుంది. అప్పుడు సంతకాల మీద పోరాడాలి. తాతగారు 2003 చుట్టుపక్కల చేసిన సంతకాలు సొసైటీ అప్పు కాగితాల్లో, బ్యాంకులో దొరుకుతాయి. వాటితో పోల్చి చూడమని నిపుణుడికి పంపించాలని కోర్టును అడగొచ్చు. ఖాళీ కాగితం మీద నిజమైన సంతకమే ఉండి, పైన రాత తర్వాత కొట్టించిన కేసులు కూడా ఉంటాయి. కాబట్టి సంతకానికీ చివరి పంక్తికీ మధ్య ఎడం ఎంతుందో, చివరి పేజీలో పంక్తులు ఇరుక్కున్నట్టు ఉన్నాయో లేదో గమనించండి. జిరాక్సు ఇప్పటికే మీ చేతిలో ఉంది కాబట్టి వాళ్లు ఇకమీదట పేజీ మార్చినా దొరికిపోతారు.

2003 అనే ఏడాదే ఎందుకు వేశారో కూడా చెబుతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చారు, కానీ అంతకుముందే పెళ్లయిన వాళ్లకు ఇవ్వలేదు. మీ అమ్మగారి పెళ్లి 1984. కాబట్టి ఆమెకు హక్కు వచ్చింది 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టం 6వ సెక్షన్ మార్చిన తర్వాతే. ఆ సెక్షన్ 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను ముట్టుకోదు. అందుకే ఇలాంటి కాగితాలన్నీ ఆ తేదీకి కాస్త ముందటి తేదీతో పుడుతుంటాయి. అయితే ఆ సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది: పంపకం అంటే రిజిస్టరైన దస్తావేజు ద్వారా గానీ, కోర్టు డిక్రీ ద్వారా గానీ జరిగినది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. నోటిమాట పంపకాన్ని ప్రభుత్వ రికార్డులు బలపరిచే అరుదైన సందర్భాల్లో తప్ప ఒప్పుకోనక్కర్లేదంది. అంటే మావయ్యల కాగితం నిజంగా 2003లోనే పుట్టి ఉన్నా, రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితంతో మీ అమ్మగారిని పక్కన పెట్టడం అంత తేలిక కాదు. వాళ్లకు దొరికే ఆసరా 1-బి, అడంగల్ అనే రెవెన్యూ రికార్డులు. మీరు మండల ఆఫీసుకు వెళ్లి 2004 తర్వాత ఆ సర్వే నంబర్లలో ఎవరి పేర్లున్నాయో సర్టిఫైడ్ కాపీలు తీయించండి. 2009 వరకూ తాతగారి పేరే నడిచి ఉంటే మన బలం రెట్టింపు. 2004లోనే కొడుకుల పేర్లకు మారి ఉంటే ముందే నాకో, మీ వకీలుకో చెప్పండి, కోర్టులో మొదటిసారి వినే పరిస్థితి రాకూడదు. ఏది ఎలా ఉన్నా పంపకం జరిగిందని చెబుతున్నది వాళ్లు కాబట్టి రుజువు చేయాల్సింది వాళ్లే.

ఫైలు విషయంలో కొన్ని జాగ్రత్తలు. మెయిల్‌ను డిలీట్ చేయకండి. అందులోని ఫైలును వర్డ్‌లో తెరిచి పొరపాటున కూడా సేవ్ కొట్టకండి. కొడితే చివరిసారి సేవ్ చేసిన మనిషి మీరే అయిపోతారు, అవతలి వకీలుకు పండగ. చూడాలంటే నకలు చూడండి. "కోర్" ఫైలులోని సమయం మన గడియారం ప్రకారం ఉండదు, దానికి అయిదున్నర గంటలు కలపాలి. విండోస్ చూపించే "క్రియేటెడ్" తేదీ మాత్రం ఆ ఫైలు మీ కంప్యూటర్‌లోకి దిగిన రోజు, దాన్ని పట్టుకుని వాదించకండి.

మీ దావా 2024 జూలై 1 తర్వాతది కాబట్టి కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్ వర్తిస్తుంది. కంప్యూటర్ ఫైళ్లను సాక్ష్యంగా పెట్టడానికి పాత చట్టంలో ఉన్న 65బి స్థానంలో ఇప్పుడు సెక్షన్ 63. సర్టిఫికెట్‌లో రెండు భాగాలుంటాయి: మెయిల్ అందుకున్న మీరు ఒకటి, నిపుణుడు ఒకటి నింపాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. మీ స్నేహితుడు ఎంత తెలివైనవాడైనా అతని మాట నిపుణుడి అభిప్రాయంగా చెల్లడం కష్టం. అవసరమైతే ఆర్డర్ 26 రూల్ 10ఎ కింద శాస్త్రీయ పరీక్షకు కమిషనర్‌ను అడుగుదాం. రాజాం పంక్తి సంతకాల కాగితంలోనే ఉంటే ఆ ఖర్చు పెట్టుకోవద్దనే నేనంటాను.

పోలీసు కేసు పెట్టేద్దామా అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. ఫోర్జరీకి సెక్షన్లు ఉన్నాయి, నిజమే. కానీ అసలు కాగితం ఇంకా కోర్టు చేతికి రాలేదు. ముందు అది దాఖలు కానివ్వండి. పెళ్లిలోనో, పేరంటంలోనో మావయ్యలు ఎదురైతే జిల్లా సంగతి ఎత్తకండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట "ఈ కాగితం మొత్తం 2003 నవంబరులోనే టైపు చేయించారు కదా, తర్వాత ఒక్క అక్షరం మార్చలేదు కదా" అని వాళ్ల నోటితో అనిపించి, ఆ తర్వాత షెడ్యూలు చదివించాలి.

ఒక్కటి మాత్రం మీ వకీలుకు ఇవాళే చెప్పండి. ఆ కాగితాన్ని వాళ్లు సాక్ష్యంగా మార్క్ చేయించబోయే రోజున, మార్క్ కాకముందే, స్టాంపు డ్యూటీ చాలలేదని, రిజిస్ట్రేషన్ లేదని అభ్యంతరం చెప్పి రికార్డులో రాయించాలి. ఒకసారి మార్క్ అయిపోయాక స్టాంపు మీద మళ్లీ నోరెత్తడానికి స్టాంపు చట్టం 36వ సెక్షన్ ఒప్పుకోదు. ఆ వాయిదాకు జూనియర్‌ను పంపి ఊరుకోవద్దని, తనే రావాలని అడగండి.