టామ్‌క్యాట్ 10లో ప్రైమ్‌ఫేసెస్ ఎర్రర్: లైబ్రరీ మార్చాలా?

రిచ్‌ఫేసెస్ 4 (జావా వెబ్ పేజీలకు బటన్లు, పట్టికల వంటివి ఇచ్చే లైబ్రరీ) వాడిన అప్లికేషన్‌ను టామ్‌క్యాట్ 10 అనే జావా వెబ్ సర్వర్‌కి తెస్తూ, దాని బదులు అలాంటిదే అయిన ప్రైమ్‌ఫేసెస్ చేర్చారు, జావాఎక్స్ క్లాసు దొరకలేదని ఎర్రర్ వస్తోంది, వేరే లైబ్రరీ చూసుకోవాలా అని అడిగారు. అక్కర్లేదండీ, మీ ఎంపిక సరైనదే. రిచ్‌ఫేసెస్ అభివృద్ధి 2016లోనే ఆగిపోయింది, దాంతో ముందుకెళ్లే దారి లేదు.

టామ్‌క్యాట్ 9 వరకు సర్వ్‌లెట్ ప్యాకేజీల పేర్లు జావాఎక్స్‌తో మొదలయ్యేవి, 10 నుంచి జకార్తాతో మొదలవుతాయి. మీరు చేర్చింది పాత పేర్ల జార్ (జావా లైబ్రరీ ఫైలు). ప్రైమ్‌ఫేసెస్ 12 గానీ ఆ పైది గానీ తీసుకుని, పామ్ ఫైల్లో (బిల్డ్ టూల్ మేవెన్ సెట్టింగుల ఫైలు) ఆ డిపెండెన్సీకి క్లాసిఫయర్‌గా (ఏ రకం జార్ కావాలో చెప్పే గుర్తు) జకార్తా అని ఇవ్వండి. టామ్‌క్యాట్‌లో ఫేసెస్ (ఈ లైబ్రరీలకు ఆధారమైన జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్) ఉండదు కాబట్టి దాన్ని అందించే మొజార్రా, బీన్లను నడిపే వెల్డ్ కూడా జకార్తా వెర్షన్లే పెట్టుకోవాలి. ఫేసెస్ సహాయక లైబ్రరీ ఆమ్నీఫేసెస్ ఉంటే 4కి మార్చండి. తర్వాత మేవెన్ డిపెండెన్సీ ట్రీ (ఏ లైబ్రరీ దేన్ని తెస్తోందో చూపే జాబితా) తీసి చూడండి. జావాఎక్స్ ఫేసెస్ ఒక్కచోట మిగిలినా ఇదే ఎర్రర్ మళ్లీ వస్తుంది.

అసలు పని పేజీల్లో ఉంది. రిచ్‌ఫేసెస్ వారి ఏ4జే ఎజాక్స్ ట్యాగులో (పేజీలో కొంత భాగాన్నే మార్చేది) రెండర్, ఎగ్జిక్యూట్ అని రాసినవి ప్రైమ్‌ఫేసెస్ ట్యాగులో అప్‌డేట్, ప్రాసెస్ అవుతాయి. పాత పేరు అలాగే వదిలేస్తే ఎర్రర్ రాదు, బటన్ నొక్కినా పేజీ మారదు, అంతే. నేను ఇక్కడే రెండు రోజులు పోగొట్టుకున్నాను. అందుకే ముందు ప్రాజెక్టంతా వెతికి ఆ రెండు పేర్లూ మార్చేయండి. వేల వరుసలున్న పట్టికలకు మాత్రం లేజీ డేటా మోడల్ (కావాల్సిన వరుసల్నే తెచ్చేది) వాడండి, లేకపోతే మొత్తం డేటా మెమరీలోకి వచ్చిపడుతుంది.

ఎర్రర్ ఇంకా వస్తే ఆ ట్రీ ఇక్కడ పెట్టండి, చూస్తాను.