‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ చివర్లో డిటెక్టివ్ మనవైపు ఎందుకు చూస్తాడు?

‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ అనే కొరియన్ సినిమా చివర్లో డిటెక్టివ్ నేరుగా కెమెరాలోకి చూస్తాడు, ఎందుకని ఒకరు నన్ను అడిగారు. హంతకుడెవరో చెప్పకుండా ముగిస్తే అన్యాయం కాదా అని కూడా అడిగారు. మొదటిసారి హాస్టల్లో చూసినప్పుడు నాకూ అలాగే కోపం వచ్చింది.

బోంగ్ జూన్-హో ఈ సినిమా తీసిన 2003 నాటికి జవాబు ఎవరి దగ్గరా లేదు. దక్షిణ కొరియాలోని హ్వాసంగ్ ప్రాంతంలో 1986 నుంచి 1991 వరకు పది హత్యలు జరిగాయి, ఒక్కటి మినహా ఏ కేసూ తేలలేదు. హంతకుడు ఎప్పటికైనా తన సినిమా చూస్తాడని దర్శకుడు నమ్మాడు. ఆ చూపు ఆ హంతకుడి కోసమే. శవం దొరికిన కాలువ దగ్గరికి ఏళ్ల తర్వాత వచ్చిన డిటెక్టివ్ పార్క్‌కి, ఇంతకుముందు ఇక్కడికి వచ్చినవాడిది ‘మామూలు ముఖం’ అని ఒక చిన్నపిల్ల చెబుతుంది. అతను మన ముఖాల్లో వెతకడం మొదలుపెడతాడు.

2019లో డీఎన్‌ఏ ద్వారా అసలు హంతకుడు లీ చున్-జే దొరికాడు. మరదలి హత్య కేసులో 1990ల నుంచీ జైల్లోనే ఉన్నాడు. ఈ సినిమా అక్కడే చూశాడట, ఏమీ అనిపించలేదని కోర్టులో చెప్పాడు. అది చదివి ఒళ్లు జలదరించింది. అంతకంటే బాధపెట్టింది ఇంకొకటి. తేలిందనుకున్న ఆ ఒక్క కేసు, ఎనిమిదో హత్య, చేసిందీ ఇతనే. అందులో పోలీసులు కొట్టి ఒప్పించిన ఒక అమాయకుడు దాదాపు 20 ఏళ్లు జైల్లో మగ్గి, 2020 డిసెంబరులో గానీ నిర్దోషి కాలేకపోయాడు.

ఆ తర్వాత అమ్మతో కలిసి మళ్లీ చూశాను. ఈసారి నా కళ్లు సినిమాలో పోలీసులు అనుమానించే గ్వాంగ్-హో మీదే నిలిచాయి. ముఖం కాలిన, మాట సరిగా రాని కుర్రాడు. పార్క్ అతని బూటును తడిమట్టిలో అద్ది, హత్యాస్థలంలో దొరికిన అడుగు ఇదేనని ఫోటో తీస్తాడు. తర్వాత ఊరడింపుగా కొత్త బూట్లు ఇస్తాడు. వాటి మీద నైకీ అని కాదు, ‘నైస్’ అని ఉంటుంది. ఆ పిల్లాడు మురిసిపోతాడు. మొదటిసారి నవ్వుకున్న ఆ సన్నివేశాన్ని ఈసారి చూడలేకపోయాను. ఈ సినిమా అసలు కథ ఆ బూట్లదే అని ఇప్పుడు నా నమ్మకం. హంతకుడు దొరకకపోవడం ఒక నష్టం, దొరికినవాణ్ణల్లా హంతకుణ్ణి చేయబోవడం ఇంకో నష్టం. చివరి చూపులో ఆ రెండూ ఉన్నాయి.

సినిమా అయ్యాక అమ్మ హంతకుడి ఊసే ఎత్తలేదు. ‘రైలు కింద పడ్డ ఆ పిల్లాడి తండ్రికి ఈ పోలీసులు ఏం చెప్పుకున్నారు?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.